లైసిన్ తక్కువన్న ఆవిడ

ఆవిడ పోయిందట. నాకు చెప్పవలసిన క్షమాపణ చెప్పకుండానే పోయింది.

కబురు చెప్పినవాడు మా బావ. ఆయనది విరుదునగర్‌లో పప్పుల మండీ. నాది కోవిల్‌పట్టిలో కడలమిట్టాయి బట్టీ. కడలమిట్టాయి అంటే వేయించిన వేరుశనగ గింజల్ని బెల్లం పాకంలో కలిపి పలకలుగా కోసేది. మీ వైపు పల్లీ పట్టీ అంటారు. ఆ పేరు పెట్టుకున్నంత మాత్రాన మా రుచి వస్తుందని అనుకోవద్దు. పాకం ముదిరే వేళలో నేను ఫోను ముట్టనని బావకు తెలుసు. తెలిసే అప్పుడు చేస్తాడు.

"ఆయమ్మ పోయిందంటప్పా," అన్నాడు. "గుండె దా. నిద్రలోనే. రేపు వొస్తివంటే ఇద్దరం పోయి తల చూపించుకోని వొస్తాము."

"ఏ ఆయమ్మ?" అని అడిగాను. ఏ ఆయమ్మో నాకు తెలుసు. అయినా అడిగాను.

"అదే, లైసిన్ ఆయమ్మ."

ఫోను పెట్టేసి తిరిగి చూస్తే పాకం నల్లబడిపోయింది. బతికుండగా చేసింది చాలక, పోతూ పోతూ ఒక బాణలి పాకం కూడా మాడ్చింది.

ఆవిడ పేరు నాకు తెలుసు. ఇక్కడ రాయను. అన్నాళ్ల పరిచయంలో ఆవిడ నన్ను ఒక్కసారైనా పేరు పెట్టి పిలవలేదు. కాబట్టి నేనూ రాయను. చెల్లుకు చెల్లు.

మరునాడు సాత్తూరు మీదుగా బస్సులో విరుదునగర్ పోయాను. బావ బస్టాండులో నిలబడి ఉన్నాడు. ఇద్దరం ఆవిడ ఇంటికి నడిచాం. ఆవిడ పుట్టినిల్లు అరుప్పుకోట్టై వైపు మగ్గాల ఇల్లు. మాది నల్లరేగడిలో సేద్యం చేసిన కుటుంబం. రెండూ తెలుగు ఇళ్లే, కానీ వాళ్ల తెలుగు వేరు, మా తెలుగు వేరు. ఒకరి మాట విని ఒకరం నవ్వుకుంటాం. గడప దాటితే ఇద్దరం తమిళమే. ఆ తమిళం మా తెలుగులోకీ దూరింది: 'దా' అంటే 'నే', 'ఆమా' అంటే 'అవును', 'సుమ్మ' అంటే 'ఊరికే'.

ముందుగదిలో కుర్చీ మీద ఆవిడ ఫోటో పెట్టి దండ వేశారు. ఏదో పెళ్లి విందులో తీసిన ఫోటో. వరుసలో అందరూ కెమెరా వైపు చూస్తున్నారు. ఆవిడ ఒక్కతే పక్కనున్నామె ఆకులో ఏం మిగిల్చిందా అని చూస్తోంది. ఫోటో బాగానే ఎంచారు. ఆవిడ ముఖం ఎప్పుడూ అలాగే ఉండేది.

ఆవిడ భర్త మా దగ్గరికి వచ్చి, "మీరు ఎవురు?" అని అడిగాడు. నా పేరు చెప్పాను. మా నాన్న పేరు చెప్పాను. ఊరు చెప్పాను. ఆయనకు తట్టలేదు. వెనక నుంచి బావ మెల్లగా, "కడలమిట్టాయి," అన్నాడు.

"ఓ, కడలమిట్టాయా!" అని ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "రాండి, రాండి. ఏమ్మా, కడలమిట్టాయి వొచ్చినారు చూడండి!"

లోపల ఏడుస్తున్న ఆడవాళ్లు నన్ను చూడటానికి బయటికి వచ్చారు. ఒకామె నవ్వింది కూడా. చావింట్లో నన్ను చూసి నవ్వారు. ఇలాంటివి నేను మరిచిపోను.

ఆవిడ పని ఏమిటో చెప్పాలి. విరుదునగర్ బైపాస్ పక్కన ఒక ఆస్పత్రి ఉంది. అందులో ప్రాణం మీదికి వచ్చినవాళ్లను పడుకోబెట్టే ఐసీయూలో ఎవరి ఒంట్లోకి ఏ ఆహారం ఎంత పోవాలో లెక్క చూసే డైటీషియన్ ఆవిడ. అక్కడున్నవాళ్లలో చాలామంది నోటితో తినలేరు. ముక్కులోంచి పొట్టలోకి సన్నటి గొట్టం వేసి, పలచగా కలిపిన ఆహారం అందులోంచి పంపిస్తారు. పొట్ట కూడా మొరాయిస్తే అమైనో ఆమ్లాల నీళ్లు నరంలోకి ఎక్కిస్తారు. ఇదంతా నాకు పుట్టుకతో తెలిసిన విద్య కాదు. మా అక్క అక్కడ పడుకోబట్టి తెలిసింది.

మా అక్కే బావ భార్య. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. ఆమె గొంతు సంగతి మా ఊళ్లో అందరికీ తెలుసు. పెరట్లో నిలబడి నన్ను పిలిస్తే పొలాల్లో ఉన్నవాళ్లు తమనే అనుకుని లేచి వచ్చేవాళ్లు. ఊపిరితిత్తులకు జబ్బు చేసి, గొంతులో గొట్టం వేసి, మిషన్‌తో ఊపిరి పోస్తూ పడుకోబెట్టారు. అక్క నోట మాట లేకుండా ఉండటం నేను చూడటం అదే మొదలు. ఆ మిషన్ నుంచి ఆమె బయటికి వస్తుందా రాదా అన్నది తప్ప ఆ రోజుల్లో నాకు వేరే ఆలోచన లేదు. కొన్ని అవమానాలు తప్ప.

మావాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. ఇంటి మనిషి ఆస్పత్రిలో పడితే చుట్టరికం ఉన్న ప్రతి ఇంటి నుంచీ వండిన క్యారియర్ రావాలి. రోగి అందులోంచి కనీసం వేలితో నాకి రుచి చూడాలి. చూడకపోతే ఆ ఇంటిని తీసిపారేసినట్టే లెక్క. దానిమీద పెళ్లి పిలుపులు ఆగిపోతాయి. అక్క ముక్కులో గొట్టం ఉందని అందరికీ తెలుసు. తెలిసినా క్యారియర్లు ఆగలేదు. మేకకాళ్ల సూపు వచ్చింది. ముల్లంగి సాంబారు వచ్చింది. సజ్జ గంజి వచ్చింది. సూపు తెచ్చిన మా చిన్నాయన, "గొట్టంలో పోస్తే ఏమంట? సూపు నీళ్లే గదా!" అని నర్సుతో తగువుకు దిగాడు.

అప్పుడు చూశాను ఆవిడను. పొట్టి మనిషి. నూలుచీర మీద తెల్లకోటు. మనిషిని చూస్తే ముఖం చూడదు, భుజాలు, పిక్కలు చూస్తుంది. వచ్చి మా చిన్నాయన చేతిలోంచి క్యారియర్ అందుకుని, వరండాలోనే మూత తీసి, కోటు జేబులోంచి ఒక స్టీలు చెంచా తీసింది. రుచి చూసింది. కళ్లు మూసుకుని ఆలోచించింది. తర్వాత లోపలికి పోయి చేతులు కడుక్కుని, అక్క చెవి దగ్గర వంగి, మాకందరికీ తలుపులోంచి వినిపించేట్టు చెప్పింది.

"అమ్మా, మీ చిన్నాయన మేకకాళ్ల సూపు తెచ్చినాడు. మిరియం బాగా నూరి వేసినారు. ఉప్పు రవ్వంత తక్కువ. మీరు లేసినాక తిట్టండి."

చిన్నాయన కళ్ల నీళ్లు పెట్టుకున్నాడు. రుచి చూసినట్టే అయింది, ఇంటి పరువు నిలిచింది. నర్సుతో తగువు మరిచిపోయాడు. ఆ తర్వాత ఎవరు ఏం తెచ్చినా ఇదే వరస. ఆవిడ వరండాలో రుచి చూడటం, లోపలికి పోయి అక్క చెవిలో చెప్పటం. పులుసులో బెల్లం ఎక్కువైతే ఎక్కువైందనే చెప్పేది. పొగడ్తలో అబద్ధం ఉంటే అక్క లేచాక పట్టేస్తుందట. ఆ వార్డులో మిగతావాళ్ల చుట్టాలు కూడా ఆవిడ చెంచా కోసం నిలబడేవాళ్లు. గొట్టంలోకి మాత్రం ఆవిడ కలిపించిన ఆహారం తప్ప ఒక చుక్క పోనిచ్చేది కాదు.

మనుషుల పేర్లు ఆవిడకు నిలవవు. తెచ్చిన వంటతోనే పిలిచేది. చిన్నాయన మేకకాళ్లన్న. మా బావ రోజూ పెసరపప్పు కట్టు తెచ్చేవాడు కాబట్టి పప్పన్న. రోగులనైతే బరువుతో చెప్పుకునేది. "మూలన ఉండే నలబై కిలోల తాత," అనేది. అక్కను ఎన్ని కిలోలు అనేదో రాస్తే నాకు ఇంట్లో స్థానం ఉండదు.

నా వంతు వచ్చింది. ఆ రోజు తీసిన మొదటి పాకంలోంచి, గింజ గింజా ఏరి పోసిన పలకలు తీసుకుని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. ఆవిడ పొట్లం విప్పింది. చూసింది. చెంచా తీయలేదు.

"ఇది వొద్దన్నా," అంది.

"ఏల వొద్దు?"

"చెనక్కాయలో లైసిన్ తక్కువ."

వరండాలో అందరూ ఉన్నారు. చిన్నాయన ఉన్నాడు. బావ ఉన్నాడు. వేరే రోగుల చుట్టాలు ఉన్నారు. మేకకాళ్లలో ఏం తక్కువో ఎవరూ చెప్పలేదు. ముల్లంగిలో అసలు ఏముందో ఎవరూ అడగలేదు. మూడు తరాలుగా మా ఇంటిని నిలిపిన గింజకు మాత్రం అంతమందిలో లోటు చెప్పారు.

"లైసిన్ అంటే ఏందిమ్మా?" అని బావ ముందుకు వచ్చాడు. ఆయనకు అంత జ్ఞానదాహం అంతకుముందు ఎన్నడూ లేదు.

"ప్రోటీన్ అంటే ఒకటే సరుకు కాదన్నా. అమైనో ఆమ్లాలని రకరకాల పూసలు. అవి గుచ్చి దా ఒళ్లు కండ చేసుకుంటాది. ఒక రకం పూస తగ్గితే దండ ఆడికి దా నిలుస్తాది. చెనక్కాయలో లైసిన్ పూస తక్కువ."

"పప్పులో?"

"పప్పులో మెండు."

బావ నా వైపు తిరిగి నవ్వాడు. పప్పు గొప్పదా, వేరుశనగ గొప్పదా అన్నది మా ఇద్దరికీ ఆయన పెళ్లిపందిట్లో మొదలైన వాదం. ఇన్నేళ్లలో ఒక్కరూ తీర్పు చెప్పలేదు. తెల్లకోటు వేసుకున్న మనిషి వచ్చి, ఐసీయూ గుమ్మంలో, మా అక్క మిషన్ మీద ఉండగా తీర్పు చెప్పింది. పెళ్లినాడు కూడా బావ అంత నిండుగా నవ్వలేదు.

ఇంటికి పోయి ఫోనులో చదివాను. చదివితే ఏం తెలిసింది? పప్పులోనూ మెథియోనిన్ అనే పూస తక్కువట! మరునాడు బస్సు దిగి నేరుగా ఆవిడ గదికి పోయాను. ఆవిడ నిలబడే గుడ్డు ఒలుచుకుంటోంది. ఆవిడ సంచిలో ఎప్పుడూ ఉడికించిన గుడ్లు ఉండేవి. కాపలా ఉండే చుట్టాలు నీరసంగా కనిపిస్తే ఒకటి చేతిలో పెట్టి, "మీరూ పండుకుంటే నాకి ఇంగో మంచం పని," అనేది.

"పప్పులో మెథియోనిన్ తక్కువంట గదా!" అన్నాను.

"ఆమా."

"నిన్న ఏల చెప్పలే?"

"నిన్న ఎవురూ అడగలే గదా."

"ఇప్పుడు వొచ్చి మా బావ తావ చెప్పండి."

"నాకి పని ఉండాది, కడలమిట్టాయన్నా." గుడ్డు సగం నోట్లో పెట్టుకుంది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "మీది నోట్లో పెడితే నాకి నిలపనీకి రాదు. చక్కెర జబ్బు ఉండాది. అందుకు దా తినలే," అంది.

అది ముందు రోజే చెప్పి ఉంటే ఏం పోయేది? చక్కెర జబ్బు మనిషి మిట్టాయి తినకపోతే ఎవరూ తప్పు పట్టరు. లైసిన్ ఎందుకు తేవాలి? నేను వెళ్లి మెథియోనిన్ సంగతి బావకు నేనే చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపి, "నువ్వు చెప్తే ఎట్లప్పా? ఆయమ్మ చెప్పల్ల," అన్నాడు.

ఆవిడ చూపు బయట కూడా వదిలేది కాదు. ఒకసారి బస్టాండులో కోవిల్‌పట్టి బస్సు ఎక్కుతుంటే, రోడ్డు అవతల నుంచి చెయ్యెత్తి అరిచింది. "కడలమిట్టాయన్నా! మీ పిక్కలు కరిగిపోతుండాయి! రాత్రిపూట ఏమి తింటుండారు?" బస్సులో అందరూ వంగి నా పిక్కలు చూశారు. సాత్తూరు దాకా చూస్తూనే ఉన్నారు. ఇంటికి పోయి నేనూ చూసుకున్నాను. నాకేమీ కరిగినట్టు కనిపించలేదు. అయినా ఆ రోజు నుంచి పంచె కాస్త దించి కడుతున్నాను.

ఇంతలో అక్కను మిషన్ నుంచి విడదీసి చూద్దామని డాక్టరు ఒక రోజు ప్రయత్నించాడు. మిషన్ సాయం తగ్గించి, సొంతంగా ఊపిరి తీయనిచ్చారు. అక్క కాసేపు తీసింది. తర్వాత చెమటలు పట్టాయి, మెడ నరాలు లేచాయి, కళ్లు పెద్దవి చేసి మా వైపు చూసింది. మళ్లీ మిషన్ పెట్టేశారు. జబ్బు తగ్గుతోంది గానీ ఊపిరి తీసే కండలకు బలం చాలటం లేదని డాక్టరు చెప్పాడు. తీవ్రమైన జబ్బులో ఒళ్లు తన కండను తనే కరిగించుకుంటుందట. చేతులు, కాళ్లు, చివరికి పక్కటెముకల కింద ఊపిరి లాగే కండ కూడా. మళ్లీ ప్రయత్నిద్దాం, ఆలస్యమైతే కష్టం అన్నాడు.

ఆ మాటతో నేనూ బావా ఒకటయ్యాం. ఇది మా కుటుంబ చరిత్రలో ఎన్నడూ లేదు. కండ కరుగుతోంది, కండ అంటే అమైనో ఆమ్లాలు అని ఆవిడే చెప్పింది, మరి అవి బోలెడన్ని పోయొచ్చు కదా? వ్యాపారంలో మా ఇద్దరికీ తెలిసిన సూత్రం ఒకటే. సరుకు చాలకపోతే ఇంకాస్త దించాలి. బావ ఒక జిమ్ము పక్కనున్న అంగడికి పోయి, చంకలో పట్టనంత పెద్ద డబ్బా కొనుక్కొచ్చాడు. అమైనో ఆమ్లాల పొడి. డబ్బా మీద చొక్కా లేని మనిషి బొమ్మ. మెడ కనిపించనన్ని కండలు. బావ దాన్ని పప్పు సంచిలో పెట్టి, పైన పెసరపప్పు కట్టు క్యారియర్ పెట్టి, ఏమీ తెలియనట్టు ఆస్పత్రిలోకి వచ్చాడు.

ఆవిడ సంచి వైపు చూసింది. బావ భుజం వైపు చూసింది. ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది.

"పప్పన్నా, పప్పుకట్టు అంత బరువుండదే," అంది.

డబ్బా బయటికి వచ్చింది. ఆవిడ బొమ్మను చూసి, తలుపులోంచి అక్కను చూసి, మళ్లీ బొమ్మను చూసింది. "అమ్మని ఇట్ల చేయల్లనా?" అంది. పక్కనున్న నర్సు నవ్వు ఆపుకోలేక వెళ్లిపోయింది.

"నవ్వద్దు," అన్నాను. "మా అక్క కండ కరిగిపోతుండాది. మీరు చెంచా చెంచాగా పోస్తుండారు. ఇది ఏల పోయకూడదు?"

"వొద్దన్నా."

"ఏల వొద్దు?"

"కిడ్నీ ఇంగా దారికి రాలే. వొచ్చినాక నేనే పెంచుతాను."

ఆవిడ అంతకంటే చెప్పకుండా పోబోయింది. అక్క అక్కడ కరిగిపోతుంటే ఒక్క మాటతో నన్ను పంపించేస్తారా? నేరుగా కింద ఆఫీసుకు పోయి, మా అక్కను ఆకలితో మాడుస్తున్నారని ఫిర్యాదు చేశాను. గట్టిగానే చేశాను. మేనేజరు ఆవిడను పిలిపించాడు. ఆవిడ చెంచా తుడుచుకుంటూ వచ్చింది.

"ఇల్లు కట్టల్ల. ఇటుకలు కావల్ల. ఒప్పుకుంటాను," అంది, మేనేజరుతో కాదు, నాతో. "మేస్త్రీ జరంలో పండుకోనుండాడు. మీరు లారీ ఇటుకలు తెచ్చి వాకిట్లో కుప్ప పోస్తే గోడ లేస్తాదా? ఇటుకలు పగిలి చెత్త అవుతాది. ఆ చెత్త ఎత్తేది కిడ్నీ. అదీ జరంలోనే ఉండాది. అది పడిపోతే అమ్మని ఎవురు లేపేది?"

ఆవిడ గొంతు తగ్గించింది.

"ముందర మేమూ ఇట్ల దా ఆశపడితిమన్నా. గ్లూటమిన్ అని ఒక అమైనో ఆమ్లం. కండకి మంచిదని పొట్లాలు పొట్లాలుగా పోస్తుంటిమి. ఇంత పెద్ద జబ్బులో ఉండేవాళ్లకి దాంతో మేలు కంటే చెరుపు ఎక్కువని తరవాత తెల్సింది. నిలిపేస్తిమి. తాయిల్పట్టి తావ నించి టపాసుల పనిలో కాలినోళ్లు వొస్తారు, వాళ్ల లెక్క వేరే. అందరికీ ఒకే డబ్బా కాదు. నేను మెల్లిగా పోస్తుండాను అంటే బద్దకంతో కాదు. బయంతో."

భయంతో అన్న మాట ఆవిడ నోట అదొక్కసారే విన్నాను. మేనేజరు నన్ను చూసి, "ఇంకేమైనా ఉందా సార్?" అన్నాడు. ఉందన్నాను. వరండాలో ఫ్యాను తిరిగేటప్పుడు చప్పుడు చేస్తోందని చెప్పాను. ఊరికే తిరిగి పోతే ఓడిపోయినట్టు అవుతుంది కదా.

డబ్బా ఏమైందని అడుగుతారేమో. బావ దాన్ని మండీలో పెట్టుకున్నాడు. ఆ బొమ్మను చూసి సరుకు దించే కూలీలు రోజూ నవ్వుతారట. అది ఆయన బాధ.

అక్క కిడ్నీలు కుదుటపడ్డాయి. చెప్పినట్టే ఆవిడ ప్రోటీన్ పెంచింది. పెంచిన రోజు మా ఇద్దరినీ లోపలికి పిలిచింది.

"ఇటుకలు వొస్తుండాయి. పని చెప్పకుంటే గోడ లేవదు. సుమ్మ నిలబడి కొట్లాడే దానికి బదులు మనిషికొక కాలు పట్టండి."

ఫిజియోథెరపీ చేసే అతను ఎలా వంచాలో చూపించాడు. మోకాలు మెల్లగా వంచి, మెల్లగా చాపాలి. అక్క మేలుకునే ఉంది, కానీ గొంతులో గొట్టం వల్ల మాట లేదు. బావ ఎడమకాలు పట్టుకున్నాడు. నేను కుడికాలు. పూటపూటా చేశాం. వంచేటప్పుడు అక్కను ఎదురు తన్నమనేవాళ్లు. మొదట్లో ఏమీ లేదు. తర్వాత ఒకనాడు పాదం కాస్త నెట్టింది. నా వైపు కాలే ముందు నెట్టింది. ఆ సంగతి బావ ఈనాటికీ ఒప్పుకోడు. ఆవిడను అడిగాను, "మీరు చూసినారు గదా? కుడికాలు దా ముందర గదా?" అని. "నేను గొట్టం చూస్తుండాను," అంది. సాక్ష్యం చెప్పవలసిన చోట ఎప్పుడూ ఇలాగే జారిపోయేది.

మంచానికి ఆ పక్కా ఈ పక్కా నిలబడి కాళ్లు వంచుతూ మేం మాట్లాడుకున్నదంతా పప్పు గురించి, వేరుశనగ గురించే. వేరే మాట ఎత్తితే ఎవరో ఒకరం కాలు వదిలేసి బయటికి పోవలసి వచ్చేది. అందుకని ఆయన లైసిన్ అనేవాడు, నేను మెథియోనిన్ అనేవాణ్ని. అక్క కళ్లు ఒకసారి ఆయన మీదికి, ఒకసారి నా మీదికి తిరిగేవి. పాపం, మా మాటలు ఆమెకు ఊరటగా ఉన్నాయనుకున్నాం.

రెండోసారి ప్రయత్నించే రోజు వచ్చింది. మిషన్ సాయం తగ్గించారు. అక్క ఊపిరి తీసింది. మేం ఆమె పొట్ట వైపే చూస్తూ నిలబడ్డాం. లేచింది, పడింది. మళ్లీ లేచింది. బావ పెదవులు కదులుతున్నాయి. దేవుణ్ని తలుచుకుంటున్నాడో, ఊపిర్లు లెక్క పెడుతున్నాడో తెలియదు. ఆవిడ ఆ పూట తన పని కాకపోయినా వచ్చి మంచం కాళ్ల వైపు నిలబడింది. చేతిలో చెంచా లేదు. గుడ్డు లేదు. చేతులు ఏం చేసుకోవాలో తెలియనట్టు కోటు అంచు మెలితిప్పుతోంది. అక్క మెడ నరాలు లేవలేదు. చెమట పట్టలేదు. చాలాసేపు చూశాక డాక్టరు తల ఊపాడు. గొంతులో గొట్టం తీసేశారు.

అక్క దగ్గింది. మళ్లీ దగ్గింది. డాక్టరు వంగి, "అమ్మా, ఒక మాట చెప్పండి," అన్నాడు. గొంతు వస్తుందో లేదో చూడటానికి.

అక్క బావను చూసింది. తర్వాత నన్ను చూసింది. పొలాల్లో మనుషుల్ని లేపిన ఆ గొంతులోంచి బీడీ ఆకు నలిగినంత చప్పుడు వచ్చింది. కానీ ప్రతి మాటా తెలిసింది.

"పప్పు వొద్దు. చెనక్కాయా వొద్దు. ఇద్దురూ బయటికి పోండి."

పోయాం. పరిగెత్తినట్టే పోయాం. వరండాలోకి వచ్చాక బావ నా భుజం పట్టుకున్నాడు. "తిట్టిందప్పా," అన్నాడు. "మన ఇద్దర్నీ తిట్టింది." ఆ మాట చివర ఆయన ముఖం ముడతలు పడిపోయింది. ఏడ్చేశాడు. ఆయన్ని ఊరుకోబెట్టబోయి నేనూ అదే పని చేశాను. గోడకు జారి ఇద్దరం నేల మీద కూర్చున్నాం. పోయేవాళ్లు వచ్చేవాళ్లు మమ్మల్ని దాటుకుని పోతున్నారు. అక్క పోయిందనుకున్నారో ఏమో, ఒక ముసలాయన మా ముందు ఆగి తలపాగా తీశాడు.

తలుపు తెరుచుకుని ఆవిడ వచ్చింది. మమ్మల్ని చూసింది. ఓదార్చలేదు. చీర సర్దుకుని మా ఎదురుగా తనూ నేల మీద చతికిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తర్వాత ఆవిడ వరండా ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది.

"ఇన్ని దినాలుగా మీరు నిలబడి దా ఉంటిరా?" అంది. "ఒక్క కుర్చీ లే."

"లే," అన్నాను.

"నేను ఎన్నోతూర్లు అడిగితిని. నా మాట ఎవురూ వినేది లే." చీర కొంగుతో ముఖం తుడుచుకుని, నన్ను భుజం పట్టి నెట్టింది. "లేయన్నా. పోయి గట్టిగా కంప్లెయింట్ ఇయ్యండి. మీరు ఇస్తే దా వాళ్లు బయపడేది."

నేను వెంటనే లేచి ఆఫీసుకు పోయాను.